మూడు నెలల ఆయువు ఎవరి బాకీ?



"ఫాదర్ గారూ, ఆ ఇంజెక్షను చేయించకపోతే మాకు పాపమా?" మన విచారణల్లో గురువులకు ఈ ప్రశ్న కొత్త కాదు. పెద్దాసుపత్రి కాగితాలు చేతపట్టుకుని, పూజ అయ్యాక గుడి వసారాలో నిలబడి అడుగుతారు. ఆ ప్రశ్న వెనుక ఇంకొకటి ఉంటుంది. దాన్ని పైకి అడగరు. "ఇంత డబ్బు ఎవరు పెట్టాలి? మేమే ఎందుకు పెట్టాలి?" అన్నదే ఆ రెండవ ప్రశ్న. మొదటిది మనస్సాక్షికి చెందినది, రెండవది న్యాయానికి చెందినది. ఈ వారం రెండింటినీ కలిపి ఆలోచిద్దాం. రెండవదాన్ని పక్కన పెట్టి మొదటిదానికి మాత్రమే జవాబు చెబితే, మోయలేనివాని నెత్తిన మొత్తం మూట పెట్టినట్లవుతుంది.

ఆలోచన గాలిలో తేలిపోకుండా ఒక రోగాన్నీ, ఒక మందునూ తీసుకుందాం.

రేకుల కప్పు

దివిసీమలో 1977 నవంబరు 19వ తేదీని మరచిపోయిన కుటుంబం లేదు. ఉప్పెనలో సుమారు 10 వేలమంది పోయారు. తాటాకు పాక గాలికి ఎగిరిపోతుంది, ఎండాకాలంలో నిప్పు అంటుకుంటుంది. అందుకే మన ప్రాంతంలో బీదవాడి ఇంటిపైకి సిమెంటు రేకు రావడం ఒక గౌరవంగా ఉండేది. "మాది రేకుల ఇల్లు" అని చెప్పుకోవడం పాక నుండి ఒక మెట్టు పైకెక్కడమే. ఇళ్ళకే కాదు, ధాన్యపు గోదాములకూ, బడి వరండాలకూ, పశువుల పాకలకూ, కొన్ని చోట్ల మన ప్రార్థనాలయాలకూ అదే కప్పు.

ఆ రేకులో సిమెంటుతోపాటు రాతినార ఉంటుంది. ఆస్‌బెస్టాస్ అని పిలిచేది దానినే. భూమిలో దొరికే ఖనిజమే అయినా నూలులాగా పోగులు పోగులుగా విడిపోతుంది, నిప్పుకు కాలదు, నీటికి చీకదు. మన రాష్ట్రంలోనే కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో దీని గనులు ఉండేవి. హైదరాబాదులో రేకుల తయారీ 1940లలోనే మొదలైంది. తర్వాత మన దేశంలో గనులకు కొత్త లీజులివ్వడం, పాతవి పొడిగించడం ఆపివేశారు. నార వాడకాన్ని మాత్రం ఆపలేదు. విదేశాలనుండి తెప్పించుకుని నేటికీ రేకులు చేస్తున్నాం. 60కి పైగా దేశాలు దీన్ని నిషేధించాయి. అమెరికా కూడా రేకుల్లో వాడే తెల్ల రాతినారను 2024 మార్చిలో నిషేధించింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. రేకు కింద నివసిస్తున్న ప్రతివారికీ జబ్బు వస్తుందని ఎవరూ కంగారు పడనక్కరలేదు. పగలని రేకు కప్పుమీద కదలకుండా ఉన్నంతకాలం అందులోని నార సిమెంటులో బిగిసి ఉంటుంది. ప్రమాదమంతా దుమ్ములో ఉంది. రేకును రంపంతో కోసినప్పుడు, బెజ్జం వేసినప్పుడు, పగలగొట్టినప్పుడు, కర్మాగారంలో నార బస్తాలు విప్పినప్పుడు కంటికి కనబడని పోగులు లేస్తాయి. అవి ఊపిరితో లోపలికి పోయి అక్కడే ఉండిపోతాయి. ఇరవై, ముప్పై, ఒక్కొక్కప్పుడు నలభై ఏళ్ళకు ఊపిరితిత్తులను చుట్టి ఉండే పలుచని పొరకు క్యాన్సరు వస్తుంది. దానికి మీసోథీలియోమా అని పేరు. దక్షిణాఫ్రికా రాతినార గనుల ప్రాంతంలో వాగ్నర్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 33 మంది రోగులను పరిశీలించి, 1960లో ఈ సంబంధాన్ని లోకానికి చూపించారు.

1960 అన్న సంవత్సరాన్ని గుర్తుంచుకోండి. దాని అవసరం తర్వాత వస్తుంది.

ఒక మందు కథ

ఈ క్యాన్సరుకు చాలాకాలం ఏ మందూ సరిగా పనిచేయలేదు. 2003లో ఒక పెద్ద పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. పెమెట్రెక్సెడ్ అనే కొత్త మందును సిస్‌ప్లాటిన్ అనే పాత మందుతో కలిపి మూడు వారాలకొకసారి సెలైనులాగా ఎక్కించారు. పాత మందు మాత్రమే తీసుకున్నవారిలో సగంమంది 9.3 నెలలు దాటి బ్రతికారు. రెండూ కలిపి తీసుకున్నవారిలో సగంమంది 12.1 నెలలు దాటి బ్రతికారు. అంటే తేడా దాదాపు మూడు నెలలు. కొందరికి అంతకంటే ఎక్కువ, కొందరికి ఏమీ లేదు. ఆయాసం, నొప్పి కొందరికి తగ్గాయి. రోగం మాత్రం నయం కాలేదు. 2004 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం ఈ మందుకు అనుమతి ఇచ్చింది.

ఈ మందు పుట్టుకలో తెలుగువారు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం మీద పనిచేసిన బృందానికి నాయకుడు. ఆ విటమినును తయారుచేసిన ఆ బృందమే, దాని పనిని అడ్డుకునే పదార్థాలను కూడా తయారుచేసింది. వాటితోనే 1948లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తక్యాన్సరు పిల్లలకు మొదటిసారి కొంత ఊరట కలిగించాడు. పెమెట్రెక్సెడ్ ఆ వంశంలోనిదే. ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ టేలర్ అనే రసాయన శాస్త్రవేత్త, సీతాకోకచిలుక రెక్కల రంగులో ఉండే ఒక రసాయన నిర్మాణం ఫోలిక్ ఆమ్లంలో కూడా ఉందని చదివి, ఆ దారి వెంట దశాబ్దాలపాటు నడిచి దీన్ని కనుగొన్నాడు. ఎలై లిల్లీ కంపెనీ దాన్ని మందుగా రూపొందించింది.

ఇంకొక సంగతి. పరీక్షల్లో మొదట కొందరు రోగులు మందు విషప్రభావానికి బలి అయ్యారు. అందరికీ ఫోలిక్ ఆమ్లం మాత్రలు, బి12 ఇంజెక్షను కలిపి ఇవ్వడం మొదలుపెట్టాక ఆ ప్రమాదం బాగా తగ్గింది. చాలా చవకైన విటమిను వేలు పోసి కొనే మందును ప్రాణాంతకం కాకుండా కాపాడింది.

మొదటి ప్రశ్న: వద్దనడం పాపమా?

ఇప్పుడొక మనిషిని ఊహించుకోండి. దివిసీమలో ఉప్పెనకు ఉన్నదంతా పోగొట్టుకుని, ఇరవై ఏళ్ళ వయసులో పొట్ట చేతపట్టుకుని పట్నం పోయాడు. పదేళ్ళు రోజుకూలికి రేకులు కోశాడు. తర్వాత తిరిగి వచ్చి అర ఎకరం కొనుక్కున్నాడు, పిల్లల పెళ్ళిళ్ళు చేశాడు. ఇప్పుడు డెబ్బైకి దగ్గరపడ్డాడు. ఆయాసం వచ్చింది, రొమ్ములో నీరు చేరింది. మొదట క్షయ అనుకుని ఆరు నెలలు మందులు వాడారు. చివరికి ముక్క తీసి పరీక్ష చేస్తే ఇది తేలింది. డాక్టరుగారు కొడుకులను పక్కకు పిలిచి చెప్పారు. కొడుకులు అర ఎకరం అమ్ముదామంటున్నారు. ఆయనకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఈ విషయంలో శ్రీసభ బోధన చాలాకాలంగా స్పష్టంగా ఉంది. 12వ పయస్ జగద్గురువులు 1957 నవంబరులో వైద్యులతో మాట్లాడుతూ, ప్రాణాన్ని కాపాడుకోవడానికి సాధారణ సాధనాలను వాడడం మన విధి అనీ, రోగికిగాని ఇతరులకుగాని మోయరాని భారమయ్యే అసాధారణ సాధనాలను వాడి తీరాలన్న విధి లేదనీ వివరించారు. 1980లో విశ్వాస సిద్ధాంత పరిషత్తు, నేటి సత్యోపదేశ గ్రంథం అదే బాటలో నడిచాయి. ఆశించే మేలుకూ మోసే భారానికీ పొత్తు కుదరనప్పుడు చికిత్సను వద్దనడం ఆత్మహత్య కాదు. ప్రాణం దేవుని వరం. అయితే అది మనం పూజించవలసిన దేవుడు కాదు.

కాబట్టి ఆ పెద్దాయన అన్నీ తెలుసుకుని, "బాబూ, పొలం అమ్మకండి. నాకు నొప్పి లేకుండా చూడండి, ఫాదర్‌గారిని పిలవండి, చాలు" అంటే అందులో పాపం లేదు. ఆయన మాట మన్నించిన కొడుకులకూ పాపం లేదు. అదేవిధంగా, "నా మనవరాలి పెళ్ళి చూడాలి, ఆ మందు ఇప్పించండి" అంటే అది దురాశ కాదు. మూడు నెలలంటే తక్కువా? విభూతి బుధవారం నుండి పెంతెకోస్తు పండుగ దాకా ఉన్న కాలం అది. తపస్సు, శ్రమలు, ఉత్థానం, ఆత్మ రాక, ఇవన్నీ ఆ కాలంలోనే ఇముడుతాయి. మాటలు మానేసుకున్న అన్నదమ్ములు కలవడానికి, మిగిలిపోయిన బాకీ తీర్చడానికి, పాపసంకీర్తనం చేసుకోవడానికి అది చాలిన కాలం.

కాని పై మాటల్లో "అన్నీ తెలుసుకుని" అన్నదాన్ని గమనించారా? మన ఇళ్ళలో రోగికి రోగం పేరు చెప్పకపోవడం ప్రేమ అనుకుంటాం. "తెలిస్తే బెంగతో పోతాడు" అంటాం. చెప్పకపోతే ఆయన ప్రాణం గురించిన నిర్ణయం ఆయన చేతిలోనుండి తీసేసుకున్నట్టే. మేలు ఎంతో, భారం ఎంతో తూచవలసిన తక్కెడ మొదట రోగి చేతిలో ఉండాలి. ఒక్కసారిగా అంతా చెప్పనక్కరలేదు. ఆయన అడిగినంత, ఓర్చుకోగలిగినంత మెల్లగా చెప్పవచ్చు. అబద్ధం మాత్రం చెప్పకూడదు.

ధర ఎక్కడనుండి వచ్చింది?

ఇంతవరకు ఒప్పుకుంటారు. ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. ఒక సాధనాన్ని "అసాధారణం" చేసే కారణాలలో ఖర్చు ఒకటి అన్నాం గదా. ఆ ఖర్చు ఎలా ఏర్పడుతుంది? వర్షం కురిసినట్లు, కృష్ణలో వరద వచ్చినట్లు అది తనంతట తాను వస్తుందా?

2019లో మన కేంద్ర ప్రభుత్వపు ఔషధ ధరల సంస్థ 42 క్యాన్సరు మందుల మీద వ్యాపార లాభాన్ని 30 శాతానికి మించకుండా కట్టడి చేసింది. అంటే కంపెనీ అమ్మే ధరకూ, సీసామీద ముద్రించే ధరకూ మధ్య ఉండే పంపిణీదారుల, ఆసుపత్రుల లాభానికి హద్దు పెట్టింది. ఆ తర్వాత ఒక బ్రాండు పెమెట్రెక్సెడ్ 100 మిల్లీగ్రాముల సీసా 7,700 రూపాయలనుండి 800 రూపాయలకు దిగింది. ఒక మోస్తరు శరీరం గల మనిషికి ఒక విడతకు 800 మిల్లీగ్రాములు కావాలనుకోండి. ఆ సీసాలతోనే లెక్క కడితే ఆరు విడతలకు అంతకుముందు 3,69,600 రూపాయలు, ఆ తర్వాత 38,400 రూపాయలు. మందు అదే, సీసా అదే, చేసిన మనుషులూ వారే. మారింది ముద్రించిన అంకె ఒక్కటే.

దీని అర్థమేమిటో ఆలోచించండి. 2018లో ఆ పెద్దాయనకు ఈ మందు అర ఎకరం అమ్మించే అసాధారణ సాధనం. 2019లో అదే మందు కుటుంబం కూడబలుక్కుంటే కొనగలిగినది. అంటే ఒక బీదవాని మనస్సాక్షి ముందున్న తక్కెడలో రాళ్ళను వేరెవరో పెడుతున్నారు, తీస్తున్నారు. ధర అనేది మనుషులు చేసే పని. మనుషులు చేసే ప్రతి పనికీ మంచిచెడ్డల విచారణ ఉంటుంది. "మాకు స్తోమతు లేదు ఫాదర్" అని ఒక కుటుంబం మందు మానుకున్నప్పుడు, ఆ కుటుంబాన్ని దేవుడు తప్పుపట్టడు. ఆ స్తోమతు చాలనంత ఎత్తుకు ధరను ఎక్కించినవారి లెక్క ఆయన దగ్గర వేరుగా ఉంటుంది.

మందు కనిపెట్టినవారికి ఏమీ రాకూడదా అని మీరడుగుతారు. తప్పక రావాలి. పనివాడు తన కూలికి అర్హుడు. పరీక్షలకు పెద్దమొత్తం ఖర్చవుతుంది, విఫలమైన మందుల నష్టం కూడా ఉంటుంది. కాని ఆస్తి హక్కుకు హద్దులున్నాయని పునీత తోమాసు అక్వీనాసు ఎప్పుడో బోధించాడు. ప్రాణాంతకమైన అవసరం వచ్చినప్పుడు సృష్టిలోని వస్తువులు అందరివీ అవుతాయన్నది ఆయన వాదం. ప్రతి ఆస్తిమీదా సమాజానికి ఒక తాకట్టు ఉన్నట్టేనని పునీత రెండవ జాన్ పాల్ జగద్గురువులు 1987 నాటి విశ్వలేఖలో చెప్పారు. ఈ మందు విషయంలో ఆ తాకట్టు కంటికి కనబడుతుంది. సుబ్బారావుగారి ఫోలిక్ ఆమ్లం లేనిదే టేలరు పని లేదు. అమెరికాలో మందు మీది పేటెంటు 2017లో ముగిసింది. అయినా, మందుకు ముందు ఫోలిక్ ఆమ్లం, బి12 ఇచ్చే పద్ధతి మీద మరొక పేటెంటు ఉన్నందున, హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ వేరొక లవణరూపంలో అమ్మబోతే 2019లో అక్కడి అప్పీళ్ళ కోర్టు అడ్డు చెప్పింది. చవక రకాలు అక్కడ 2022లో గాని రాలేదు. చట్టప్రకారం అది సరే కావచ్చు. చట్టం ఆగిన చోట మనస్సాక్షి ఆగనక్కరలేదు.

మన దేశం ఈ విషయంలో కొంత దారి చూపింది. కాలేయం, మూత్రపిండాల క్యాన్సరుకు వాడే సొరాఫెనిబ్ మందు నెలకు 2,80,428 రూపాయలుండగా, 2012 మార్చిలో పేటెంటు కంట్రోలరు హైదరాబాదు నాట్కో కంపెనీకి నిర్బంధ లైసెన్సు ఇచ్చాడు. నాట్కో దాన్ని 8,800 రూపాయలకు ఇచ్చేటట్లు, కనిపెట్టిన కంపెనీకి అమ్మకాలమీద 6 శాతం రాయల్టీ చెల్లించేటట్లు ఉత్తర్వు. కనిపెట్టినవాని కూలి, రోగి ప్రాణం రెండూ ఒకే తక్కెడలో నిలబడగలవని అది చూపించింది.

రెండవ ప్రశ్న: ఎవరు చెల్లించాలి?

ధర తగ్గినా, ఆసుపత్రి, పరీక్షలు, ప్రయాణాలు, తోడున్నవారి కూలి నష్టం ఉండనే ఉంటాయి. కొత్త మందులు వస్తూనే ఉంటాయి. 2020లో ఈ రోగానికే రెండు రోగనిరోధక మందులను కలిపి వాడడానికి అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ పరీక్షలో సగంమంది దాటిన గీత 14.1 నెలలనుండి 18.1 నెలలకు జరిగింది. వాటి ఖరీదు వింటే అర ఎకరం కాదు, అయిదెకరాలున్నా చాలదు. అందుచేత ప్రభుత్వం చెల్లించాలా అన్న ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది.

పెద్ద దేశాలు కూడా దీనిమీద తడబడ్డాయి. ఇంగ్లండులో మందుల విలువ కట్టే ప్రభుత్వ సంస్థ 2006లో పెమెట్రెక్సెడ్ ఖర్చుకు తగినంత మేలు లేదని ముసాయిదాలో రాసింది. రోగులు, కుటుంబాలు, వైద్యులు వాదించగా 2008 జనవరిలో సరేనన్నది. ఆస్ట్రేలియాలో రాతినార కర్మాగారంలో పనిచేసి జబ్బుపడిన బెర్నీ బాంటన్ అనే కార్మికుడు, ఈ మందును ప్రభుత్వ జాబితాలో చేర్చమని వేలమంది సంతకాల విన్నపంతో 2007 అక్టోబరులో ఆరోగ్యమంత్రి కార్యాలయానికి వెళ్ళాడు. చక్రాల కుర్చీలో, ప్రాణవాయువు గొట్టంతో వెళ్ళిన ఆయన నవంబరు 27న కన్నుమూశాడు. 2008లో మందు జాబితాకెక్కింది.

"మూడు నెలలకోసం అంత ఖర్చా? ఆ డబ్బుతో ఒక పసిబిడ్డ గుండె బాగుచేయవచ్చు, నలుగురికి డయాలిసిస్ చేయవచ్చు" అని వాదించేవారు కఠిన హృదయులేమీ కారు. వారి మాటలో బలముంది. ప్రభుత్వ ఖజానా అంటే మనందరి చెమట. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, 2024లో ఎన్టీఆర్ వైద్యసేవగా పేరు మారిన పథకం కూడా అడుగులేని బావి కాదు. ఉన్నదాన్ని ఎక్కువ ప్రాణాలు నిలిచే చోట పెట్టాలనడం వివేకం.

కాని ఈ రోగం విషయంలో ఆ వాదం ఒక మెట్టు దాటవేస్తుంది. దానధర్మాల లెక్క వేయడానికి ముందు అప్పుల లెక్క వేయాలి. నా వల్ల పొరుగువాని ఎద్దు చచ్చిపోతే, దాని ఖరీదు ఇచ్చేముందు నేను "ఈ డబ్బు అనాథాశ్రమానికి ఇస్తే ఎక్కువ పుణ్యం గదా" అనవచ్చా? అనకూడదు. అది నా డబ్బు కాదు, అతని డబ్బు. చేసిన నష్టాన్ని తిరిగి చెల్లించడం న్యాయం. న్యాయం తీరాకనే ప్రేమకార్యం మొదలవుతుంది. పసిబిడ్డ గుండెలో రంధ్రం ఎవరూ చేసింది కాదు. రాతినార క్యాన్సరు సంగతి అలా కాదు. 1960 తర్వాత, ఇది చంపుతుందని తెలిసిన తర్వాత కూడా, ముక్కుకు గుడ్డయినా ఇవ్వకుండా మనుషుల చేత దుమ్ము పీల్పించి చేసిన పని అది. ఆ పెద్దాయన ఊపిరితిత్తుల్లోని నార ఒకరి లాభంలో మిగిలిన తరుగు. కాబట్టి ఆయన మందు ఖర్చు మొదట పరిహారం. బాకీ ఉన్నవాడు తీర్చనప్పుడు ప్రభుత్వం ముందు చెల్లించి, తర్వాత అతని దగ్గర వసూలు చేసుకోవాలి.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. అహమదాబాదులోని వినియోగదారుల సంస్థ 1986లో వేసిన దావాలో సుప్రీంకోర్టు 1995 జనవరి 27న తీర్పునిచ్చింది. ఆ తీర్పు రాసినది తెలుగువాడైన జస్టిస్ కె. రామస్వామిగారు. కార్మికుని ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమన్నారు. రాతినార పనివారి ఆరోగ్య రికార్డును పనిలో చేరిన నాటినుండి 40 ఏళ్ళు, లేదా పని మానిన తర్వాత 15 ఏళ్ళు, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని యాజమాన్యాలను ఆదేశించారు. రోగం నిర్ధారణ అయిన కార్మికులకు లక్ష రూపాయల పరిహారం నిర్ణయించారు. నలభై ఏళ్ళు ఎందుకు? రోగం అంత ఆలస్యంగా వస్తుంది గనుక. ధర్మం కూడా అంతకాలం మేలుకొని ఉండాలి గనుక.

కాని ఆ పెద్దాయన రోజుకూలి. హాజరుపట్టీలో పేరు లేదు, ఇ.ఎస్.ఐ. కార్డు లేదు. ఆయన అక్కడ పనిచేసినట్లు సాక్ష్యం ఆయన ఊపిరితిత్తులే. బాకీ ఉన్నదని లోకం ఒప్పుకున్నా, బాకీదారుని తలుపు ఎక్కడుందో ఆయనకు తెలియదు. నేటి అన్యాయం చాలావరకు ఈ రూపంలోనే ఉంటుంది.

మన వంతు

అంతా కంపెనీలది, ప్రభుత్వానిది అని చేతులు కడుక్కుంటే పిలాతుకూ మనకూ తేడా ఉండదు. చవక రేకు నీడలో మనమూ ఉన్నాం. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. ఇల్లు కట్టుకున్నవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి. లేకపోతే ఎవరైనా పడి చనిపోయినప్పుడు ఆ రక్తదోషం ఆ ఇంటిమీదికి వస్తుంది. ఇంటి కప్పు ఇంటివాని సొంత వ్యవహారమే కదా అని మోషే ధర్మశాస్త్రం అనుకోలేదు. నీ కప్పువల్ల ఇంకొకరి ప్రాణానికి ఏమవుతుందో నీవు ముందుగా ఆలోచించాలి అన్నది. మన రేకుల కప్పులకు ఈ మాట ఎంత దగ్గరగా వస్తుందో చూడండి.

అందుచేత కొన్ని పనులు మన చేతిలో ఉన్నాయి. పాత రేకులు దించేటప్పుడు పగలగొట్టి పడేయకుండా, నీళ్ళతో తడిపి, ముక్కలు చేయకుండా దించండి. ఆ దుమ్మును పొడిగా ఊడ్చకండి. రేకు ముక్కలను పొడిచేసి దారి గుంటల్లో పోయకండి. పిల్లలను వాటితో ఆడుకోనివ్వకండి. కోసే పనివానికి "త్వరగా కానివ్వు" అని చెప్పేముందు అతని ముక్కుకు తగిన రక్షణ ఉందో లేదో చూడండి. అతనూ ఒక తండ్రి. మన బడులకు, విచారణ భవనాలకు కొత్త కప్పు వేసేటప్పుడు నాలుగు రూపాయలు ఎక్కువైనా రాతినార లేని రేకును ఎంచుకోవలసిన బాధ్యత మా గురువులదీ, విచారణ పెద్దలదీ.

ఇంట్లో ఎవరికైనా ఆయాసం, రొమ్ములో నీరు కనబడితే, "చిన్నప్పుడు ఎక్కడెక్కడ పనిచేశావు?" అని అడిగి ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. డాక్టరు అడగకపోయినా చెప్పండి. పాత జీతపు చీటీ, గుర్తింపు కార్డు, తోటి పనివారి పేర్లు, ఏది దొరికినా దాచండి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర ఈ చికిత్సకు పథకం ఎంతవరకు వర్తిస్తుందో ముందే కనుక్కోండి. పొలం బేరం పెట్టేముందు ఇవన్నీ చూడండి. మన విచారణల్లో చదువుకున్న యువకులు ఒక్కొక్కరు ఒక్కొక్క కుటుంబానికి ఈ కాగితాల పనిలో తోడుంటే, అది ఒక నవదిన ప్రార్థనకు తీసిపోదు.

మందు పనిచేయని రోజు వచ్చినప్పుడు కూడా చేయవలసింది ఉంటుంది. మార్ఫిన్ మాత్ర నొప్పిని బాగా అణచగలదు, ఖరీదూ తక్కువే. 2014లో చట్టం సవరించి దాన్ని తెచ్చుకోవడం కొంత సులభం చేశారు. నొప్పి తగ్గించడానికి తగిన మోతాదులో దాన్ని వాడడంలో దోషం లేదని కూడా 12వ పయస్ జగద్గురువులు 1957లోనే చెప్పారు. "నొప్పి భరించడమే పుణ్యం" అని రోగిమీద రుద్దకండి. సిలువను ఎవరికి వారు ఎత్తుకోవాలి. మరొకరి భుజంమీద పెట్టడం పుణ్యం కాదు.

మంచి సమరీయుని కథ మనందరికీ కంఠస్థమే. గాయాలకు కట్టుకట్టి ఊరుకోలేదు ఆయన. పూటకూళ్ళవాని చేతిలో రెండు దీనారాలు పెట్టి, ఇంకా ఖర్చయితే తిరిగివచ్చినప్పుడు ఇస్తానన్నాడు. ఆయన కొట్టినవాడు కాడు, దోచినవాడు కాడు. అయినా పద్దు తన పేరున రాయించుకున్నాడు. ఏ బాకీ లేనివాడే అంత చేస్తే, రేకు అమ్మినవారు, అమ్మనిచ్చినవారు, దాని నీడలో చల్లగా పడుకున్న మనం ఎంత చేయాలి?

"చేయించకపోతే మాకు పాపమా?" అని అడిగే కుటుంబానికి నా జవాబు ఇది. మీ పెద్దాయనకు నిజం చెప్పండి, ఆయన మాట వినండి, ఆయన చేయి వదలకండి. అంతకు మించి దేవుడు మిమ్మల్ని అడగడు. ఆ అడగవలసిన మిగతా లెక్క మా అందరిదీ. దాన్ని ఇకనైనా మీ పొలం మీద, మీ మనస్సాక్షి మీద రాయకుండా చూడడం మా విధి.